సీటు దిగని షణ్ముఖుడికి

మహారాజశ్రీ రొయ్యల గుంటలో నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్ గేరుబాక్సు పాదం దగ్గర కొలువైన పదిహేడో నంబరు బోల్టు గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆచారం. కానీ కుశలం ఒకవైపే ఉంది. తమరు బిగించిన చోట బిగించినట్టే ఉన్నారు. ఇవతల మా పానా దవడలు విచ్చుకున్నాయి, వేళ్ల కణుపులు చీరుకుపోయాయి, గాలి చాలక గుంటలో రొయ్య పైకి తేలుతోంది.

ఆరు ముఖాల వారు గనక తమరిని షణ్ముఖా అనే పిలుస్తాం, ఏమీ అనుకోవద్దు. సీటెక్కిన రోజు తమరి దర్జా ఏమని చెప్పేది! ఒంటినిండా జింకు పూత, నెత్తిన 8.8 అనే బిరుదు. అది ఉత్తుత్తి బిరుదు కాదని మాకూ తెలుసు. చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్లు లాగితే గానీ తమరు తెగరు. అందులో 80 శాతం, అంటే 640 దాకా సాగినా మళ్లీ యథాస్థితికి వచ్చేస్తారు. పక్కన స్టాండుకు బిగించిన 4.6 వారికి ఆ లెక్కలు 400, 240 మాత్రమే. పాపం వాళ్లు కొంచెం గట్టిగా మాట్లాడితే మెడ తెంచుకుని చేతికొచ్చేస్తారు.

తమరు మొండికేశారని గట్టు మీద అందరూ ఆడిపోసుకుంటున్నారు. అదీ అన్యాయమే. మా నెల్లూరు తీరాన ఇస్కపల్లి కొఠార్లలో ఉప్పు పండించే గాలే ఇందుకూరుపేట, ముత్తుకూరు గుంటల మీదా వీస్తుంది. దానికి తోడు ఏరేటర్ రెక్కలు రేయింబవళ్లు తమరి నెత్తిన ఉప్పునీళ్లతో అభిషేకం చేస్తూనే ఉంటాయి. ఇనుము తుప్పుగా మారితే దానికి రెండింతలకు పైగా చోటు కావాలి. తమరి ఒంటి మీది మర చుట్ల సందులో ఆ చోటెక్కడిది? కాబట్టి తమరిది మొండితనం కాదు, కూచున్న సీట్లో కాస్త ఒళ్లు చేశారు, అంతే. ఇది చాలా ఆఫీసుల్లో ఉన్నదే.

అసలు నేరం మాది. తిరుపతి పక్క జిల్లాలోనే ఉండీ, ఏ మొక్కూ లేకుండా తమరికి గుండు చేసింది మేమే.

ఎట్టా చేశామో తమరికే బాగా తెలుసు, అయినా ఒప్పుకోవడం మర్యాద. పది ఎంఎం బోల్టుకు పాత కొలత ప్రకారం తల 17, కొత్త కొలత ప్రకారం 16. కొట్లో రెండూ ఒకే డబ్బాలో కలిసిపోయి ఉంటాయి. మా చేతిలో పదహారు-పదిహేడు పానా ఒకటుంటుంది, ఏ కొస ముందొస్తే ఆ కొసే తగిలిస్తాం. పైగా తుప్పు తిని తమరి పదిహేడు పదహారున్నర అయింటుంది. నోరు తెరిచిన పానా పట్టేది ఆరు ముఖాల్లో రెంటినే, అది కూడా వదులుగా. ఒక్క లాగుడుకు రెండు మూలలు అరిగి జారింది. అప్పుడన్నా ఆగామా? స్క్రూ స్పానర్ తెచ్చాం. దాని కదిలే దవడ పేరుకు తగ్గట్టే కదులుతుంది. బరువు కదలని దవడ మీద పడేలా పట్టుకుని తిప్పాలన్న ఇంగితం కూడా లేకపోయింది. మిగిలిన నాలుగు మూలలూ అట్టా పోయాయి.

అసలు స్వామికి ఆరు ముఖాలు, పన్నెండు చేతులు. మా కొట్టువాళ్లు ఆ పన్నెండునూ తీసుకెళ్లి రింగు పానాకు పెట్టారు. పన్నెండు మూలల రింగు ఇరుకు సందులో ఎటు పెట్టినా కూచుంటుంది, సౌకర్యమే. కానీ అది తమరిని మూలల మీద నెడుతుంది. తల మీద గిన్నెలా బోర్లించే ఆరు మూలల సాకెట్ అయితే ముఖాల మీద నెడుతుంది. కొత్త బోల్టుకు రెండూ ఒకటే. తుప్పు పట్టిన తమరి లాంటివారి దగ్గరికి మాత్రం ఆరు మూలల సాకెట్‌తోనే రావాలి.

అది ఎందుకు కొనలేదని అడుగుతారు. ట్రంకు రోడ్డు పక్కన పరిచిన 46 ముక్కల డబ్బా కొన్నాం కాబట్టి. ప్రతి ముక్క మీదా క్రోమ్ వెనేడియం అని గట్టి ఉక్కు పేరు ఉంది. అది అచ్చు గుద్దే యంత్రం ఎవరికైనా దొరుకుతుందని తర్వాత తెలిసింది. సాకెట్ తగిలించే చదరపు కొస, అంటే డ్రైవు, పావు అంగుళమే, లోపల అగ్గిపుల్లంత రాచెట్ పన్ను. రాచెట్ ఉన్నది వదులైన బోల్టును గబగబా తిప్పడానికి. పట్టేసిన బోల్టును మొదటిసారి కదపడానికి అర అంగుళం ఎల్ హ్యాండిల్ కావాలి. ఆ డబ్బా డబ్బుతో జలంధర్ నుంచో నాసిక్ నుంచో వచ్చే, పోతపోసినవి కాకుండా ఫోర్జింగ్ చేసిన, అంటే కాల్చి సాగగొట్టిన రింగు పానాలు నాలుగు వచ్చేవి. ఎనిమిది పానాల సెట్టయితే 6-7 నుంచి 20-22 దాకా ఉంటుంది. అన్నీ కొనే స్తోమత లేకపోతే 10-11, 12-13, 16-17, 18-19 చాలు, గుంట మీద పని నడుస్తుంది. వాటికి 17, 19 ఆరు మూలల సాకెట్లు, ఎల్ హ్యాండిల్, అరకిలో సుత్తి తోడైతే తమరి ముందు నిలబడే అర్హత వచ్చినట్టే. కొట్టుకు వెళ్లేటప్పుడు జేబులో ఒక కొత్త బోల్టు వేసుకెళ్లి, పానాలో పెట్టి అటూ ఇటూ ఆడించి చూడాలి. గలగల ఆడితే మెరుపు చూడకుండా పక్కన పెట్టెయ్యాలి. వంకాయ కొనేటప్పుడు తొడిమ తిప్పి చూసే మనుషులం, పానా దగ్గర మాత్రం రంగు చూసి పడిపోతాం.

ఇక గొట్టం సంగతి. క్షమించరాని పాపం అదే. 200 మిల్లీమీటర్ల పానా కొసన 25 కిలోల బలం పెడితే తిప్పే బలం 49 న్యూటన్ మీటర్లు, తమరిని సక్రమంగా బిగించడానికి సుమారుగా అంతే కావాలి. దానికి మీటరు పొడవు జీఐ గొట్టం తొడిగితే అదే 25 కిలోలు 245 అవుతాయి. ఎంత 8.8 అయితే మాత్రం, పది ఎంఎం మెడ ఎక్కడ తట్టుకుంటుంది?

కాబట్టి రేపు తమరి దర్శనానికి పద్ధతిగా వస్తున్నాం. ముందు స్టార్టర్ దగ్గర కరెంటు తీసి, ఫ్యూజులు జేబులో వేసుకుంటాం. గుంట మీద తడి చేతులతో స్విచ్‌ను నమ్మేవాళ్లం కాదు. ఇనుప బ్రష్షుతో తమరి తల చుట్టూ, కింద ఫ్రేముకు వెల్డు చేసిన నట్టులోంచి బయటికొచ్చిన మర కొసకూ తుప్పు రాల్చేస్తాం. తల చుట్టూ బంకమట్టితో చిన్న గట్టు కడతాం, చేనికి కట్టినట్టు. అందులో తుప్పు సందుల్లోకి పాకే పెనిట్రేటింగ్ ఆయిల్ నిలబెడతాం, కింది నుంచీ చిలకరిస్తాం. అది దొరక్కపోతే ఆటోమేటిక్ గేరు కార్లలో పోసే ఏటీఎఫ్ ఆయిలూ ఎసిటోనూ సమపాళ్లలో కలిపి, బాగా ఊపి వాడతాం. ఆ రెండూ ఎక్కువసేపు కలిసి ఉండవు, కొత్త వియ్యంకుల్లాగా. రంగు, ప్లాస్టిక్ మీద పడితే ఊడగొడుతుంది, అగ్గికి దూరం ఉంచాలి.

డబ్ల్యూడీ 40 కొట్టి ఐదు నిమిషాల్లో లాగేవాళ్లకు ఒక మాట. అది 1953లో శాన్‌డియాగోలో, రాకెట్ల మీది తేమను తరమడానికి చేసిన ద్రవం. పేరులోని 40 అంటే నలభయ్యో ప్రయత్నంలో కుదిరిందని. తేమను తరమడం దాని ఉద్యోగం, పట్టేసిన మరను విడదీయడం అదనపు బాధ్యత.

నూనె పోశాక సుత్తితో తమరి నెత్తిన నేరుగా, పెద్ద బలం లేకుండా ఇరవై ముప్పై దెబ్బలు. ఆ అదురుకు తుప్పు పగిలి, నూనె సందుల్లోకి పాకుతుంది. తర్వాత పొద్దున దాకా తమరి జోలికి రాం. చేపల పులుసు వండిన పూట కన్నా మర్నాడు రుచి అని నెల్లూరులో ఎవరికీ చెప్పక్కర్లేదు. నూనె సంగతీ అంతే.

పొద్దున ఆరు మూలల సాకెట్ తొడిగి, ముందు వదులు చేసేవైపు కాకుండా బిగించేవైపు ఒక వెంట్రుకవాసి తిప్పుతాం. తమరు చిన్నగా కిర్రుమంటారు. ఆ కిర్రు వింటే సగం పని అయినట్టే. తర్వాత పావు చుట్టు వెనక్కి, కొంచెం ముందుకి, మళ్లీ వెనక్కి, మధ్యలో నూనె. ఒక్క ఊపులో తీయబోతే రాలిన తుప్పు మరలో ఇరుక్కుని తమరు మళ్లీ ధర్నాకు కూచుంటారు.

అప్పటికీ రాకపోతే అగ్నిపరీక్ష. నూనె తుడిచేసి, కింది నట్టును వేడి చేస్తాం, తమరిని కాదు. పది ఎంఎం నట్టు 300 డిగ్రీలు వేడెక్కితే బెజ్జం 0.036 మిల్లీమీటరు పెరుగుతుంది. తల వెంట్రుకలో సగం. అదే చాలు. ఆ వేడి మీదే కొవ్వొత్తి తాకిస్తే మైనం కరిగి మరలోకి జారుతుంది. మూడు జాగ్రత్తలు: ఏరేటర్ కింద తేలే డ్రమ్ములు హెచ్‌డీపీఈ ప్లాస్టిక్, 130 డిగ్రీల దగ్గరే కరుగుతాయి, కాబట్టి వాటికి తడి గోనె అడ్డం పెట్టాలి. జింకు పూతకు బాగా సెగ తగిలితే తెల్లపొగ వస్తుంది, పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం. అల్యూమినియం బాడీ అయితే ఎర్రబడే దాకా చూద్దామనుకోవద్దు, అది ఎర్రబడకుండానే 660 డిగ్రీల లోపే కారిపోతుంది.

గుండు పూర్తయిపోయిన వారికి వేరే పూజ. ఆకురాయితో ముఖాలు సాపు చేసి, 16 రింగును సుత్తితో దిగగొట్టడం మొదటి మార్గం. అదీ జారితే తల మీద పదహారు ఎంఎం నట్టు పెట్టి, దాని బెజ్జంలో రెండున్నర ఎంఎం రాడ్డుతో, 70 నుంచి 90 ఆంపియర్ల దగ్గర వెల్డింగు నింపాలి. తమరికి కొత్త కిరీటం, అడుగున వేడి, రెండూ ఒకే ఖర్చులో. ఎరుపు తగ్గాక ఇరవై నాలుగు పానాతో తిప్పాలి. ఎర్త్ క్లాంపు ఫ్రేముకే పెట్టాలి. మోటారుకు పెడితే కరెంటు బేరింగుల్లోంచి పోయి గోళీలకు మచ్చలు పడతాయి. బోల్టు వచ్చిందన్న సంబరం పదిరోజులు నిలవదు.

మెడ తెగి మొండెం నట్టులోనే ఉండిపోతే సెంటర్ పంచ్‌తో నట్టనడుమ గుర్తు కొట్టి, 3 ఎంఎం, తర్వాత 5 ఎంఎం బెజ్జం, నెమ్మదిగా, నూనె పోస్తూ. ఇక్కడ అందరూ మొండేన్ని పట్టి లాగే స్క్రూ ఎక్స్‌ట్రాక్టర్ దూరుస్తారు. అది గట్టి ఉక్కు, పెళుసు. లోపల విరిగిందంటే ఏ డ్రిల్లు బిట్టూ దాన్ని కొరకదు. పట్టేసిన మొండేనికి అది వద్దనే మా మాట. నడుమ కుదిరితే 8.5 ఎంఎం దాకా పెంచుకుంటూ పోతే మిగిలేది మర చుట్ట మాత్రమే, సూదితో లాగేసి మర కోసే 10×1.5 ట్యాప్ ఒకసారి తిప్పితే సరి.

తమరి చుట్టపక్కాలకూ మా నమస్కారాలు చెప్పండి. ప్లస్ గుర్తు స్క్రూ గారికి ఫిలిప్స్ 1936లో పేటెంట్ తెచ్చుకున్నాడు. జపాన్ కొలతల బండ్ల స్క్రూలు చూడ్డానికి అట్టాగే ఉన్నా కోత వేరు, మామూలు స్క్రూడ్రైవర్ లోపల సరిగ్గా కూచోక ఎగదన్నుతుంది. వారికి సుత్తితో కొట్టే ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్, బిట్టు కొసన కాస్త వాల్వు గ్రైండింగ్ పేస్టు. తలలో ఆరు మూలల గుంట ఉండే అలెన్ గారు అరిగితే, నక్షత్రం కోత ఉన్న టార్క్స్ బిట్టు ఒక సైజు పెద్దది దిగగొట్టడం.

తమరు దిగాక ఆ సీట్లో స్టెయిన్‌లెస్ వారిని కూచోబెట్టాలని కొందరి ఆలోచన. తుప్పు పట్టరు, నిజమే. కానీ స్టెయిన్‌లెస్ బోల్టును స్టెయిన్‌లెస్ నట్టులో పొడిగా, మిషన్‌తో వేగంగా బిగిస్తే మరలు రెండూ రాసుకుని అతుక్కుపోతాయి. అప్పుడు నూనె కూడా పని చెయ్యదు, కోసెయ్యడమే. కాబట్టి ఎవరు వచ్చినా మరకు, పట్టేయకుండా కాపాడే యాంటీ సీజ్ పేస్టు పూసి, చేత్తో, నెమ్మదిగా. యాంటీ సీజ్ లేకపోతే కనీసం గ్రీజు. తమరికి ఆ రోజు వేలెడు గ్రీజు పూసి ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన పనే ఉండేది కాదు.

ఇట్లు,
తమ విధేయులు,
పానా పట్టిన చేతులు

తా.క.: సైకిలు ఎడమ పెడలు, బెంచి గ్రైండరు ఎడమ చక్రం, గ్యాస్ కటింగ్ వాళ్ల ఎసిటిలిన్ నట్టు, ఇవి ఎడమచేతి మర వారు. మనం విప్పుతున్నామని అరగంట సేపు తిప్పేది బిగించడమే అవుతుంది. ఎసిటిలిన్ నట్టు మూలల మీద చిన్న గాట్లు ఉంటాయి, గొట్టం తగిలించే ముందు ఒకసారి వేలితో తడిమి చూసుకోమని గట్టు మీది వాళ్లకు చెప్పండి.