రైతు మాట లేని పేజీకి రైతు ఎలా వస్తాడు?

అనంతపురం రైతు చేనులో ఆకుల మీద నల్ల మచ్చలు చూసి ఫోను తీస్తాడు. ‘చెనిక్కాయ ఆకు మచ్చలకు ఏ మందు కొట్టాలి’ అని టైపు చేస్తాడు. సమాధానం ఒక వ్యవసాయ వెబ్‌సైటులో ఉంది. కాని దాని శీర్షిక ‘వేరుశనగలో తిక్క ఆకుమచ్చ తెగులు – సస్యరక్షణ చర్యలు’. అందులో చెనిక్కాయ లేదు, మందు లేదు, కొట్టడం లేదు. ఆకు, మచ్చ తప్ప, పేజీ రాసింది ఎవరి కోసమో అతని మాట ఒక్కటీ ఆ శీర్షికలో లేదు.

వెతికినప్పుడు పేజీ కనబడాలని అందులో రైతు వాడే పర్యాయపదాలు కూడా చేర్చడం పాతకాలపు కిటుకు అంటారు కొందరు. 2013లో హమ్మింగ్‌బర్డ్, 2019లో బెర్ట్ అనే మార్పులు వెతుకులాటలోకి వచ్చాక గూగుల్ మాటను కాక అర్థాన్నే పట్టుకుంటోందని, ఒకే మాటను పదేపదే కుక్కితే పేజీ ఇంకా వెనక్కి పోతుందని వారి వాదన. కుక్కడం తప్పే. ఇంగ్లిషు వరకు మిగతాది కూడా చాలావరకు నిజమే.

తెలుగు సంగతి వేరు. రెండు మాటలకు అర్థం ఒకటేనని యంత్రానికి ఎలా తెలుస్తుంది? ముఖ్యంగా మనం రాసిన వాక్యాల్లో అవి ఒకేలాంటి చోట్ల, ఒకే పనిలో కనబడితే తెలుస్తుంది. ఇంగ్లిషులో అలాంటి పేజీలు కోకొల్లలు. వేరుశనగ, పల్లీ, చెనిక్కాయ మూడూ ఒక్కచోట కనిపించే తెలుగు పేజీలు ఎన్ని ఉంటాయి? పైగా పల్లీలు, పల్లీలకు, పల్లీలతో అని విభక్తి చేరగానే మాట రూపు మారుతుంది. ఒకరు శనగ అని రాస్తే మరొకరు సెనగ అని రాస్తారు. చాలామంది తెలుగునే ఇంగ్లిషు అక్షరాల్లో కొడతారు. మనం రాయని మాటను యంత్రం ఎక్కడి నుంచి నేర్చుకుంటుంది?

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ‘రాయలసీమలో చెనిక్కాయ, తెలంగాణలో పల్లికాయ అనే ఈ పంటకు’ అని మొదటి పేరాలో ఒక్క వాక్యం రాయాలి. ఉపశీర్షికను రైతు అడిగే ప్రశ్నలాగే పెట్టాలి.

ఆ మాటలను కొత్తగా వెతుక్కోనక్కరలేదు కూడా. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశం 1962లోనే వచ్చింది, చేనేత పదాల సంపుటం 1971లో. ఏ ప్రాంతంలో ఏ మాట వాడతారో ఊళ్లు తిరిగి అడిగి రాసుకున్న సంపద అది. అంత సొమ్ము ఇంట్లో పెట్టుకుని, కోస్తాలోని నాలుగు జిల్లాల వాడుకనే మంచి తెలుగు అనుకుని మిగతా మాటలన్నీ కొట్టివేస్తున్నాం. వెతుకులాటలో మన పేజీలు కనబడకపోవడానికి అసలు కారణం సాంకేతికత కాదు, ఈ చిన్నచూపే.

ఉల్లి నిల్వ గురించి నేను ఒక సైటుకు వ్యాసం పంపితే ‘ఎర్రగడ్డ’ ఉన్న ప్రతిచోటా ఉల్లిపాయ అని దిద్ది వేశారు. రాయలసీమ రైతు ఎర్రగడ్డ అంటాడని చెప్పినా వినలేదు. నిన్న రాత్రి నా ఫోనులో ‘ఎర్రగడ్డ నిల్వ’ అని వెతికాను. మూడు పేజీలు కిందికి దిగినా నా వ్యాసం రాలేదు.