మంత్రిగారి ఈమెయిల్ పెట్టెకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ కేంద్ర పర్యావరణ మంత్రిగారి ఈమెయిల్ పెట్టె గారి సముఖమునకు,

విషయం: శుభాకాంక్షలు. (అసలు విషయం ఇక్కడ రాయకపోవడానికి కారణం ఉంది. కిందికి వస్తే తెలుస్తుంది.)

అయ్యా, 2020 వేసవిలో తమరికి చేసిన అజీర్తి గురించి ఇంత ఆలస్యంగా పరామర్శిస్తున్నందుకు మన్నించాలి.

ఆ ఏడాది మార్చిలో తమ శాఖ పర్యావరణ ప్రభావ మదింపుకు, అంటే ప్రాజెక్టు కట్టేముందే దానివల్ల ప్రకృతికి జరిగే నష్టాన్ని లెక్కగట్టే, అందరి నోటా నలిగిన ఈఐఏకు, కొత్త నిబంధనల ముసాయిదా వదిలింది. అనుమతి లేకుండా మొదలైన ప్రాజెక్టులకు తర్వాత తీరిగ్గా అనుమతి ఇచ్చే దారి అందులో ఉంది. ప్రజాభిప్రాయ సేకరణలో జనానికిచ్చే 30 రోజుల గడువు 20కి తగ్గింది. దేశమంతా లాక్‌డౌన్‌లో తలుపులు బిగించుకుని కూర్చున్న వేళ, మీ అభిప్రాయం చెప్పండి అన్నారు. అడిగితే జనం నిజంగానే చెబుతారని తమరినెవరూ హెచ్చరించలేదు కాబోలు.

చెప్పినవాళ్లలో ఫ్రైడేస్ ఫర్ ఫ్యూచర్ ఇండియా పిల్లలున్నారు. 2018 ఆగస్టులో స్వీడన్ పార్లమెంటు ముందు బడి మానేసి కూర్చున్న ఒక అమ్మాయితో మొదలైన వాతావరణ పరిరక్షణ ఉద్యమానికి ఇది మన దేశపు కొమ్మ. శుక్రవారాల్లో ప్లకార్డులు పట్టుకునేవాళ్లకు వీధి లేకుండా పోయింది కనుక తమ తలుపు తట్టారు. వాళ్ల వెబ్‌సైటులో ఉత్తరం ముందే సిద్ధం, పేరు రాసి పంపడమే తరువాయి. ఆ తొందరలో 'ఇక్కడ మీ పేరు రాయండి' అన్న ముక్కను అలాగే ఉంచి పంపినవాళ్లూ ఉండే ఉంటారు. ఒకే ఉత్తరం వేలసార్లు చదవడం విసుగే, ఒప్పుకుంటాను. ఒక్కసారైనా చదివారా అన్నది వేరే ప్రశ్న.

తమరు చదవలేదు, ఫిర్యాదు చేయించారు. 'ఈఐఏ 2020' అనే విషయంతో మంత్రిగారికి ఈమెయిళ్లు కుప్పలు తెప్పలుగా వచ్చిపడుతున్నాయని! (శుభాకాంక్షల మర్మం ఇదే.) జూలైలో ఢిల్లీ సైబర్ పోలీసులు ఆ పిల్లల వెబ్‌సైటును ఆపమని నోటీసిచ్చారు. అందులో ఉదహరించింది చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) 18వ సెక్షను, అంటే ఉగ్రవాద కుట్రకు వేసేది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదేనేమో. తర్వాత, ఆ సెక్షను పొరపాటున పడిందని చెప్పి నోటీసు వెనక్కి తీసుకున్నారు. సెక్షన్లు కాగితం మీద దోమల్లా వాటంతటవే వాలతాయని మాకు అప్పటిదాకా తెలియదు. లెట్ ఇండియా బ్రీత్ లాంటి మరికొన్ని యువ బృందాల వెబ్‌సైట్లూ ఆ రోజుల్లోనే తెరుచుకోవడం మానేశాయి.

ఇక్కడే తమరికి కృతజ్ఞతలు చెప్పుకోవాలి. ఆ పిల్లలు ఎన్ని శుక్రవారాలు ఎండలో నిలబడినా రాని పేరు తమ ఒక్క ఫిర్యాదుతో వచ్చింది. పేరే వినని వాళ్లు కూడా, ఉత్తరం రాస్తే ఉగ్రవాదమా అని ఆరా తీశారు, ఆపై వాళ్లూ రాశారు. అభ్యంతరాలు లక్షల్లోకి వెళ్లాయి. ఒక యువజన సంఘాన్ని పెంచడానికి పైసా ఖర్చు లేని పథకం ప్రభుత్వ చేతుల్లోనే ఉందని ఏ విధాన పత్రంలోనూ రాయలేదు చూడండి.

ఆ పిల్లలకూ ఒక చురక వేయాలి. వాళ్ల ఉద్యమం చాలావరకు నగరాల్లో, ఇంగ్లీషులో సాగింది. అదే ఏడాది మే 7న విశాఖ దగ్గర ఆర్ఆర్ వెంకటాపురంలో, ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి తెల్లవారుజామున ఇళ్లలోకి పాకింది. నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్లు దారిలోనే కూలిపోయారు. 12 మంది చనిపోయారు. తమకు సరైన పర్యావరణ అనుమతి లేదని ఆ కంపెనీయే అంతకు ఏడాది ముందు అఫిడవిట్‌లో రాసిచ్చింది. 'ముందు నడుపు, తర్వాత అడుగు' అంటే ఏమిటో ఆ ఊరికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. కానీ ముసాయిదా వాళ్ల భాషలో రాలేదు. 22 భాషల్లోకి అనువదించమనీ, అభ్యంతరాలు పంపే గడువు ఆగస్టు 11 దాకా పెంచమనీ ఢిల్లీ హైకోర్టు చెబితే, తమ శాఖకు అనువాదకుడి కోసం వెతకడం కన్నా సుప్రీంకోర్టుకు వెళ్లడమే సులువుగా తోచింది.

ఆ ముసాయిదా చివరికి మూలపడింది. సంతోషించేలోగా గుర్తుచేస్తున్నాను: 2006 నాటి పాత ఈఐఏ నోటిఫికేషనే సవరణ మీద సవరణతో నడుస్తోంది. పనయ్యాక ఇచ్చే అనుమతులు చెల్లవని 2025 మేలో చెప్పిన సుప్రీంకోర్టు, నవంబరులో మెజారిటీ తీర్పుతో ఆ మాట వెనక్కి తీసుకుంది. కాబట్టి తమరికి మళ్లీ ఉత్తరాలు తప్పవు. ఈలోగా కాస్త ఖాళీ చేసుకుని ఉండండి.

ఈ లేఖకు జవాబు అక్కర్లేదు. అందిందన్న సంగతి మాత్రం సైబర్ విభాగం ద్వారా కాకుండా నేరుగా తెలియజేయగలరు.

ఇట్లు,
అభిప్రాయం అడిగితే చెప్పే దురలవాటున్న ఒక పౌరుడు