మనుషులు దొరకట్లేదంటున్నారు సరే, జీతం ఏ తారీఖున ఇస్తున్నారు?

గోడౌన్లు నడిపేవాళ్లు నలుగురు కలిస్తే మాట చివరికి అక్కడికే వస్తుంది. "ఈ కాలం పిల్లలకు పని మీద శ్రద్ధ లేదండీ. వారం చేస్తారు, ఎనిమిదో రోజు ఫోన్ స్విచాఫ్. మా రోజుల్లో హమాలీలు లారీ ఖాళీ అయ్యేదాకా కదిలేవాళ్లు కాదు." హైదరాబాద్ పక్కన మేడ్చల్, దేవరయాంజాల్, గుండ్లపోచంపల్లి వైపు గోడౌన్లలో మనుషులచేత పని చేయిస్తూనే బతుకుతున్నాను కాబట్టి ఈ మాట వినని వారం ఉండదు. విన్న ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. ఎందుకంటే, మీ గోడౌన్‌లో హెల్పర్‌కి జీతం ఏ తారీఖున పడుతుందని ఎదురు అడిగితే, ఆ మాట అన్నవాళ్లలో చాలామంది దగ్గర జవాబు ఉండదు. "అది కాంట్రాక్టర్ చూసుకుంటాడు" అంటారు.

మా నాన్న నిజామాబాద్ మార్కెట్ యార్డులో హమాలీ. పసుపు సీజన్ వచ్చిందంటే ఇంట్లో మాకు కనిపించేవాడు కాదు. ఆయన కష్టం గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆ రోజుల్లో పని ఎలా నడిచేదో కూడా నాకు తెలుసు. ముఠా, అంటే హమాలీల జట్టు, ఉండేది, ముఠాకో మేస్త్రీ ఉండేవాడు. కూలి బస్తా లెక్కన. సాయంత్రం అందరూ యార్డు బయట హోటల్ దగ్గర కూర్చునేవాళ్లు. ఎన్ని దించాం, ఎన్ని కాటా పెట్టాం, ఎన్ని కుట్టాం అని లెక్క చూసుకుని, మేస్త్రీ అక్కడే డబ్బు పంచేవాడు. ఎవడి కష్టం వాడి జేబులో పడ్డాకే ఇంటికి బయల్దేరేవాళ్లు.

ఇంకో సంగతి ఎవరూ గుర్తుచేసుకోరు. ముఠాలో కూడా మనుషులు పని మానేవాళ్లు. జ్వరమొచ్చి మానేవాళ్లు, చుట్టాలింట్లో పెళ్లికి పోయి మానేవాళ్లు, డబ్బులొచ్చిన మర్నాడు కల్లు తాగి మానేవాళ్లు కూడా. మా నాన్నే చెప్పేవాడు. అయితే ఒకడు రాకపోతే మేస్త్రీ వాడి తమ్ముణ్ణో బామ్మర్దినో పంపేవాడు, లేదంటే మిగతావాళ్లు ఆ పని లాగేసి వాడి వాటా తామే పంచుకునేవాళ్లు. సేటుకు లారీ ఖాళీ అయిందా లేదా అన్నదే కావాలి. ఎవడు వచ్చాడు, ఎవడు రాలేదన్నది ఆయన కంట పడేదే కాదు. ఇప్పుడు ప్రతి మనిషికీ ఒక ఐడీ, గేటు దగ్గర వేలిముద్ర, రాత్రికల్లా ఆఫీసుకు అటెండెన్స్ షీటు. మానినవాడి పేరు ఎర్రరంగులో కనిపిస్తుంది. అది చూసి పాత తరం మానేదే కాదని తీర్మానించేస్తే ఎలా?

ఇక డబ్బు సంగతికి వద్దాం, అసలు మాట ఇదే. కామారెడ్డి నుంచో ఆదిలాబాద్ నుంచో ఒక కుర్రాడు వస్తాడు. మూడో తారీఖున పనిలో చేరతాడు. రూమ్ అడ్వాన్స్ ముందే కట్టాలి. మెస్ వాడు వారం వారం అడుగుతాడు. నెల అయిపోతుంది. అప్పుడు కాంట్రాక్టర్ బిల్లు పెడతాడు, కంపెనీ ఆఫీసులో దాన్ని ఒకరు చూడాలి, ఇంకొకరు సంతకం పెట్టాలి, ఆ తర్వాత డబ్బు కాంట్రాక్టర్ ఖాతాలో పడాలి. అక్కడి నుంచి కుర్రాడి ఖాతాలోకి వచ్చేసరికి పన్నెండో పదిహేనో తారీఖు. అంటే చేరిన నలభై రోజులకు మొదటి రూపాయి. ఈ నలభై రోజులూ వాడు ఏం తినాలి? ఊళ్లో అమ్మకు ఫోన్ చేసి అప్పు తెప్పించుకోవాలి. ఈలోపు పక్క రూమ్ కుర్రాడు బండి మీద డెలివరీ చేసి వారానికోసారి డబ్బు చూస్తుంటాడు. క్యాటరింగ్‌కి పోయేవాడికి ఆ రాత్రే చేతికిస్తారు. మనవాడు ఇరవయ్యో రోజున అటు పోతాడు. దాన్ని సోమరితనం అనడానికి నాకు నోరు రాదు. మా నాన్నను నలభై రోజులు ఆగమంటే ఆయన మాత్రం ఉండేవాడా? ఆ సాయంత్రమే తలగుడ్డ దులుపుకుని ఇంకో సేటు దగ్గరికి పోయేవాడు.

ఆ వచ్చే జీతం కూడా చెప్పినంత రాదు. "పదిహేను వేలు" అని చెప్పి పిలుస్తారు. పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ 0.75 శాతం కోస్తే అది చట్టం, ఒప్పుకుందాం. కానీ యజమాని కట్టాల్సిన వాటా కూడా వాడి జీతంలోంచే లాగే కాంట్రాక్టర్లున్నారు. అది చట్టం ఒప్పుకోని పని. కోసింది కోసి అసలు కట్టనివాళ్లు కూడా ఉన్నారు. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట ఇరవై రెండేళ్ల పిల్లవాడు లంచ్ టైమ్‌లో నా దగ్గరికి వచ్చి ఉమంగ్ యాప్‌లో తన పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూపించాడు. చేరిన నెలలో ఒక్క ఎంట్రీ ఉంది. ఆ తర్వాత ఖాళీ. పే స్లిప్‌లో మాత్రం నెలనెలా కోత ఉంది. "అన్నా, ఈ పైసలు యాడికి పోయినయ్?" అన్నాడు. గొంతు పెంచలేదు, గొడవ పెట్టుకోలేదు. పే స్లిప్పులన్నీ వరసగా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నాడు. నేను ఆఫీసుకు మెయిల్ పెట్టాను, కాంట్రాక్టర్ వచ్చి అవీ ఇవీ చెప్పాడు. డబ్బు కట్టేలోపే ఆ పిల్లవాడు మానేశాడు. వాడి పేరు కూడా "నిలకడ లేనివాళ్లు" లిస్టులోనే చేరింది. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మా నాన్న తరానికి ఇలా లెక్క అడిగే వీలు లేదు. చాలామందికి అసలు పీఎఫ్ అన్నదే లేదు. ఒక్కో బస్తా క్వింటాలు బరువుండేది. ఒక మనిషి మోయాల్సిన బరువు 55 కిలోలకు మించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. మన దగ్గర యూరియా బస్తా 50 నుంచి 45 కిలోలకు దిగింది 2018లో. ఈ మధ్యలో ఎన్ని నడుములు విరిగాయో ఎవరు లెక్కపెట్టారు? మా నాన్న ఇప్పుడు మంచం మీంచి లేవాలంటే ముందు ఒక చెయ్యి గోడకు ఆనించాలి, తర్వాత మోకాలు పట్టుకోవాలి, అప్పుడు లేస్తాడు. "అప్పటి మనుషులు గట్టివాళ్లు" అనేవాళ్లు ఒకసారి మా ఇంటికి వచ్చి పొద్దున్నే ఆయన లేవడం చూడాలి. మహారాష్ట్రలో హమాలీల కోసం 1969లోనే మథాడీ చట్టం తెచ్చారు. బోర్డు ద్వారా పీఎఫ్, గ్రాట్యుటీ, బోనస్ అందే ఏర్పాటు చేశారు. కేరళ కూడా హెడ్‌లోడ్ (తలమోత) కార్మికుల చట్టం చేసుకుంది. మన రెండు రాష్ట్రాల్లో హమాలీ సంఘాలు అలాంటి సంక్షేమ బోర్డు కోసం ఏళ్లుగా అడుగుతూనే ఉన్నాయి. పాత తరాన్ని పొగిడే సేటుల్లో ఒక్కరైనా ఆ అడిగేవాళ్ల పక్కన నిలబడగా నేను చూడలేదు.

అలాగని కుర్రాళ్లను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. వాళ్లకూ నేను మొహమ్మీదే చెబుతాను. రాకపోతే ఒక్క మెసేజ్ పెట్టు నాయనా. నువ్వు రాకపోతే కంపెనీకి వచ్చే నష్టం తర్వాత సంగతి, ముందు నీ జతగాడి నడుము పోతుంది. కంటైనర్ దింపడానికి ఆరుగురు ఉండాల్సిన చోట నలుగురే ఉంటే, ఆ మిగతా ఇద్దరి బరువు పడేది నీలాంటి పిల్లల మీదే. ఒకడు అలిగితే రూమ్‌మేట్లు అయిదుగురూ కలిసి మానేయడం, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రివర్స్‌లో వస్తున్న లారీ వెనక నడవడం, ఇవి నేను సహించను. లారీ విషయంలో అయితే అప్పటికప్పుడు ఇంటికి పంపించేస్తాను.

కానీ పని రాదనడం మాత్రం అబద్ధం. మా గోడౌన్‌లో అరవై దగ్గరపడిన ఒక పెద్దాయన ఉన్నాడు. నెట్టు కట్టడంలో, అంటే బస్తాలు వరసలుగా పైకి పేర్చడంలో, ఆయన తర్వాతే ఎవరైనా. వరస వరసకూ బస్తా దిశ మార్చి, మూలల్లో బస్తాను కొంచెం లోపలికి తోసి కడతాడు. పైకప్పు దాకా పోయినా నెట్టు ఒరగదు. ఆయన పక్కన డిగ్రీ చదివిన ఒక పిల్లవాణ్ణి పెట్టాను. వాడు కానిస్టేబుల్ పరీక్షకు ప్రిపేర్ అవుతున్నాడు, ఇక్కడ ఎన్నాళ్లుంటాడో నాకు తెలుసు, వాడికీ తెలుసు. ఆ పిల్లవాడే ఒకరోజు స్కానర్‌లో చూసి, ఎక్స్‌పైరీ దగ్గరపడిన లాట్ లోపలి వరసలో ఉండిపోయిందనీ, కొత్త సరుకు ముందు బయటికి పోతోందనీ పట్టుకున్నాడు. పెద్దాయనకు స్కానర్ చదవడం రాదు, వీడికి నెట్టు కట్టడం రాదు. ఇద్దరూ కలిసి ఆ వరసంతా తిరగేసి కట్టారు. "ఏందిరా బిడ్డా, గంత చిన్న అక్షరాలు ఎట్ల కనవడ్డయ్ నీకు?" అని ఆయన మురిసిపోయాడు. ఇందులో తరాల గొడవ నాకెక్కడా కనిపించలేదు.

"లోకల్ వాళ్లు చేయరు, అందుకే బీహార్ వాళ్లు" అనేది మరో మాట. బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లనైనా మనం ఎలా చూశామో 2020 లాక్‌డౌన్‌లో చూశాం కదా. మే 1న దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచి 1,200 మందిని ఎక్కించుకుని జార్ఖండ్‌లోని హతియాకు వెళ్లింది. పని ఆగిపోయి, తిండికి ఇబ్బందిపడి, ఎప్పుడు పంపిస్తారా అని ఎదురుచూసిన వలస కూలీలు వాళ్లు. వారానికే బీహార్‌లోని ఖగడియా నుంచి రైస్ మిల్లుల హమాలీలు రెండు వందల మందికి పైగా ఇంకో రైల్లో అదే లింగంపల్లిలో దిగారు. వడ్లు దిగుతున్నాయి, మోసే మనిషి లేడు, అందుకని ప్రభుత్వమే స్వాగతం పలికింది. మనిషి విలువ మనకు తెలియాలంటే సరుకు ఆగిపోవాలన్నమాట.

ఇప్పుడు దసరా సీజన్ వస్తోంది. ఆన్‌లైన్ సేల్స్ అప్పుడే, బతుకమ్మ అప్పుడే, దీపావళి అయిన ఆరు రోజులకు బీహార్ వాళ్ల ఛఠ్ పండగ. కంపెనీకి మనిషి ఎక్కువ కావాల్సిన రోజుల్లోనే మనిషికి ఇల్లు గుర్తొస్తుంది. నేను నెల ముందే అందరినీ కూర్చోబెట్టి ఎవరికి ఏ పండగ ముఖ్యమో రాయించుకుంటాను. బతుకమ్మకు పోయేవాళ్లు ఛఠ్‌కు ఉంటారు, ఛఠ్‌కు పోయేవాళ్లు సద్దుల బతుకమ్మకు ఉంటారు. జీతం అయిదో తారీఖు దాటనివ్వను, దానికోసం ఆఫీసుతో ఎన్ని గొడవలైనా పడతాను. కొత్తగా చేరినవాడికి మొదటి నెలలో వారం వారం కొంత డబ్బు చేతికి వచ్చేలా కొట్లాడి సాధించాను. రెండో షిఫ్ట్ వదిలాక బస్సులుండవు కాబట్టి మెయిన్ రోడ్డు దాకా ఒక ఆటో మాట్లాడాను. ఇంత చేసినా మానేసేవాళ్లు మానేస్తారు. కానీ మానేసేవాడు ఇప్పుడు చెప్పి మానేస్తున్నాడు, పోతూ పోతూ ఊళ్లో తమ్ముణ్ణి పంపిస్తున్నాడు.

గేటుకు "హెల్పర్లు కావలెను" అని కాగితం అంటించే ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఒకటే. ఆ రెండు ముక్కల కింద చేతికొచ్చే జీతం ఎంతో రాయండి, అది ఏ తారీఖున పడుతుందో రాయండి, షిఫ్ట్ ఎన్ని గంటలో, ఓటీ (ఓవర్‌టైమ్) గంటకు ఎంతో రాయండి, పీఎఫ్ ఎవరు కడతారో వాళ్ల పేరు రాయండి. రాసింది రాసినట్టు ఆరు నెలలు ఇచ్చి చూడండి. అప్పటికీ మనుషులు నిలవకపోతే కుర్రాళ్లను మీరు ఏమన్నా నేను నోరెత్తను.