పర్సంటైల్ ఒక్కటే చూస్తే సీటు తేలదు

జేఈఈ మెయిన్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి తెలుగు ఇళ్లలో ఒకటే ప్రశ్న: ‘మావాడికి 98 వచ్చింది, వరంగల్ ఎన్ఐటీలో సీఎస్ఈ వస్తుందా?’ ఫోన్లలో దొరికే ప్రిడిక్టర్లు (ఏ కాలేజీలో సీటొస్తుందో అంచనా చెప్పే యాప్‌లు) తడుముకోకుండా జవాబు చెప్పేస్తున్నాయి. అడిగిన ప్రశ్నలోనే కావలసిన వివరాలు సగం లేనప్పుడు ఆ జవాబును ఎంతవరకు నమ్మాలి?

పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదు, పరీక్ష రాసినవారిలో నూటికి ఎంతమంది మనతో సమానంగానో, మన వెనకో ఉన్నారన్న లెక్క. ముందు దాన్ని ర్యాంకుగా మార్చుకోవాలి. ఈ పరీక్ష రాసేవారు ఇటీవల 14-15 లక్షల మధ్య ఉంటున్నారు. అంటే 99 పర్సంటైల్‌కు అన్ని కేటగిరీలకూ కలిపి ఇచ్చే ఉమ్మడి ర్యాంకు సుమారు 14-15 వేలు, 98కి 28-30 వేలు. 98.2కీ 98.7కీ మధ్య ఏడు వేల మంది ఉంటారు కాబట్టి దశాంశాలను కొట్టిపారేయకూడదు. వరంగల్ సీఎస్ఈలో ఓపెన్ కేటగిరీ, జెండర్ న్యూట్రల్ (అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఇచ్చే) సీట్లు మొదటి 5 వేల ర్యాంకుల లోపే అయిపోతాయి. 98తో ఆ సీటుకు ఆశ పెట్టుకోవడం దండగ. అదే పర్సంటైల్‌తో వేరే బ్రాంచికో, వేరే ఎన్ఐటీకో ఆశ పెట్టుకోవచ్చా అన్నదే అసలు లెక్క.

అది తేలేది ఐఐటీ, ఎన్ఐటీ సీట్లను కేటాయించే జోసా వెబ్‌సైట్‌లోని ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకుల (సీటు దక్కిన మొదటి, చివరి ర్యాంకుల) పట్టికలో. అందులో ఒకే కాలేజీ, ఒకే బ్రాంచి అనేక వరుసల్లో కనిపిస్తుంది: సొంత రాష్ట్రమా, ఇతర రాష్ట్రమా, ఏ కేటగిరీ, జెండర్ న్యూట్రలా, ఆడపిల్లలకు మాత్రమేనా. తనకు వర్తించే వరుసను చివరి రౌండులో, కనీసం మూడేళ్లవి పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటి రౌండు అంకె చూసి నీరుగారిపోయేవారూ, పక్కవాళ్ల వరుస చూసి సంబరపడేవారూ ఏటా కనిపిస్తూనే ఉన్నారు.

ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి. సొంత రాష్ట్రమంటే ఆధార్‌లో ఉన్నది కాదు, అమ్మానాన్నలు ఉంటున్నదీ కాదు. ఇంటర్ ఏ రాష్ట్రంలో పాసైతే అదే. గుంటూరు పిల్లవాడు హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీలో ఇంటర్ పూర్తిచేస్తే వరంగల్ అతనికి సొంతం, తాడేపల్లిగూడెం పరాయి. ఖమ్మం అమ్మాయి విజయవాడలో చదివితే తలకిందులు. రాజస్థాన్‌లోని కోటా నగరానికి వెళ్లి అక్కడే పన్నెండో తరగతి పాసైతే సొంత రాష్ట్రం రాజస్థానే, జైపూర్ ఎన్ఐటీయే సొంత ఎన్ఐటీ. ఇది లాభమో నష్టమో బ్రాంచిని బట్టి మారుతుంది. విచారకరమేమిటంటే, హాస్టల్ ఫీజు దగ్గర గంటలకొద్దీ బేరమాడే తల్లిదండ్రులకు ఈ సంగతి చేరేసరికి రెండేళ్లు గడిచిపోతున్నాయి.

కేటగిరీ దగ్గర మరో తికమక. ఓబీసీ వరుసలో ఉండేది ఓబీసీ ర్యాంకు, ఉమ్మడి ర్యాంకు కాదు. రెంటినీ పోల్చి, వచ్చే సీటును కూడా రాదనుకుంటున్నారు. రాష్ట్ర బీసీ జాబితాలోని కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. ఉన్నా, ధ్రువపత్రం కేంద్ర నమూనాలో, ఆ ఏడాది ఏప్రిల్ 1 లేదా ఆ తర్వాతి తేదీతో ఉండాలి. ఆర్థికంగా వెనకబడిన వర్గాల (ఈడబ్ల్యూఎస్) పత్రానికీ తేదీ నిబంధన అంతే. పాత పత్రం పెట్టినవారు పరిశీలనలో చిక్కుకుంటారు. అడిగిన వివరణకు గడువులోగా బదులివ్వకపోతే చేతికొచ్చిన సీటే రద్దవుతుంది.

ఆప్షన్ల విషయం సూటిగా చెప్పవచ్చు. వచ్చేలా ఉన్నది కాదు, కావలసింది పైన పెట్టాలి. పైది రాకపోతే కిందిదాన్ని చూస్తారే తప్ప, పెద్ద కాలేజీని ముందు పెట్టినందుకు కోత ఏమీ ఉండదు.

రాష్ట్రాల సొంత ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో లెక్క వేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. తెలంగాణ 2023లో దాన్ని ఎత్తేసింది. ఇంటర్‌లో పది శాతం వెనకబడిన ఆంధ్ర విద్యార్థికి మొత్తంలో 2.5 శాతం పోతుంది. 160 మార్కుల ప్రవేశ పరీక్షలో అది ఐదుకు పైగా మార్కులతో సమానం. నడిమి ర్యాంకుల్లో ఐదు మార్కుల తేడాతో వేల ర్యాంకులు మారిపోతాయి. అందుకే తెలంగాణ బంధువుల పిల్లల మార్కులు చూసి ఆంధ్రలో ర్యాంకు ఊహించడం పనికిరాదు. ఈఏపీసెట్‌లో కూడా కాలేజీలవారీ చివరి ర్యాంకుల్లో కులానికీ, బాలబాలికలకూ వేర్వేరు గడులుంటాయి. అది ఏ విడత కౌన్సెలింగ్‌దో చూసుకోవాలి.

ఇదంతా బహిరంగ సమాచారమే. అయినా దీన్ని విడమరచి చెప్పినందుకు కన్సల్టెన్సీలు వేలల్లో వసూలు చేస్తున్నాయంటే లోపం వ్యవస్థది. సొంత రాష్ట్రం నిబంధనను ఇంటర్ అడ్మిషన్ దరఖాస్తులోనే అచ్చువేసి తల్లిదండ్రుల సంతకం తీసుకోవాలని రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులూ కాలేజీలను ఆదేశించాలి. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ పత్రాల కోసం ఏప్రిల్ మొదటి వారం నుంచే తహసీల్దార్ కార్యాలయాల్లో విడిగా కౌంటర్ తెరవాలి. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో పట్టిక చూడటం వచ్చిన అధ్యాపకుడొకరిని కౌన్సెలింగ్ ముగిసేదాకా ఆ పనికే కేటాయించాలి.