నోటు మీద నాలుగో వరుస

భిన్న సంస్కృతులను ఒకే కప్పు కింద కాపాడడం ఎలాగో తెలియక పెద్ద పెద్ద దేశాలు తలలు పట్టుకుంటున్న ఈ రోజుల్లో, పదమూడు లక్షల జనాభా కూడా లేని మారిషస్ ఆ చిక్కును ఎప్పుడో విప్పేసింది. సంస్కృతి అంటే ఏమిటన్న చర్చలోకి దిగకుండా, ఎవరి వాటా ఎంత అన్న లెక్క తేల్చింది. అన్నదమ్ముల పంపకాల్లో గట్టు రాళ్ళు పాతించే పెద్దమనుషులు సైతం ఆ శ్రద్ధ ముందు తల దించుకోవాలి.

ఆ శ్రద్ధను చూడదలచినవారు అక్కడి మనీపర్సు తెరిస్తే చాలు. 25 రూపాయల నోటు మీద చైనా సంతతికి చెందిన ఆ-షుయెన్, 50 మీద ఫ్రెంచి సంతతి పాతురో, 100 మీద తమిళుడు సీనీవాసెన్, 200 మీద ముస్లింల నాయకుడు అబ్దుల్ రజాక్ మొహమ్మద్, 500 మీద హిందూ నాయకుడు బిసుందొయాల్, 1000 మీద ఆఫ్రికా మూలాలున్న క్రియోల్ వర్గపు నేత గయెతాన్ దువాల్, 2000 మీద తొలి ప్రధాని రామ్‌గులామ్ కొలువుదీరి ఉంటారు. చట్టసభలో పొసగని వర్గాలు కూడా తోలు సంచీలో ఒకరినొకరు ఆనుకొని ఎంతో సఖ్యంగా ఉంటాయి.

ఇంత జాగ్రత్తపరులు సైతం 1998 నవంబరులో ఒక ఘోరమైన పొరపాటు చేశారు. నోటు విలువను ఇంగ్లీషు తరువాత తమిళంలో, ఆ తరువాత హిందీలో ముద్రించే ఆనవాయితీ కాస్తా తారుమారై, కొత్త నోట్ల మీద హిందీ ఒక మెట్టు పైకెక్కింది, తమిళం ఒక మెట్టు దిగింది. తమిళులు భగ్గుమన్నారు. పద్ధెనిమిదో శతాబ్దంలో, ఫ్రెంచివారి హయాంలోనే పుదుచ్చేరి నుంచి వచ్చి రాజధాని పోర్ట్ లూయీ నిర్మాణంలో చెమటోడ్చినవారి వారసులకు, ముందు వచ్చినవారిదే ముందు వరుస అని వాదించే హక్కు ఉండనే ఉంది. చివరకు ఆ నోట్లను వెనక్కి తీసుకొని, 1999 జూన్‌లో తమిళాన్ని తిరిగి స్వస్థానంలో కూర్చోబెట్టి మళ్ళీ అచ్చువేశారు. రూపాయి విలువలో దమ్మిడీ తేడా కూడా రాలేదు. ఆ అక్షరాలను చదువుకోగలిగినవారు ఎందరని అడగడం మాత్రం అప్రస్తుతం. వియ్యాలవారి పంక్తిలో పీట ఎక్కడ వేశారన్నదే చూస్తారు గానీ, ఆకలి ఉందా అని ఎవరైనా అడుగుతారా?

రాజ్యాంగం ఈ పీటల పని ఇంకా శాస్త్రీయంగా చేసింది. దేశంలో హిందువులు, ముస్లింలు, చైనీయులు అని మూడు వర్గాలున్నాయని, తమ జీవన విధానాన్ని బట్టి ఈ మూడింటిలో దేనికీ చెందనట్లు కనిపించేవారంతా ‘సాధారణ జనాభా’ అని అది నిర్వచించింది. ఓట్లతో గెలిచిన 62 మంది సరిపోక ఏ వర్గానికైనా లోటు పడితే, ఓడినవారిలో ఉత్తములను ఏరి ఎనిమిది మంది దాకా సభలోకి పిలుస్తారు. ఓడిపోవడానికి కూడా సరైన కులగోత్రాలు ఉండాలన్నమాట. ఈ కొలతకు వాడే తూనికరాయి 1972 నాటి జనగణన. ఆ తరువాతి గణనల్లో వర్గం అడగడం మానేశారు కనుక, మొన్న పుట్టిన పాపాయి సైతం తన తాతగారి నాటి నిష్పత్తిలోనే లెక్కకు వస్తుంది. వర్గం చెప్పని అభ్యర్థి నామినేషన్ చెల్లదన్న నియమాన్ని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2012లో తప్పుపట్టగా, 2014 ఎన్నిక ఒక్కదానికి మినహాయింపు ఇచ్చారు. సంప్రదాయాన్ని కాపాడేవారు అంతకుమించి వంగకూడదు.

సెలవుల సంగతికి వస్తే తమిళుల కావడి పండుగకు ఒకటి, చైనా కొత్త సంవత్సరానికి ఒకటి, శివరాత్రికి, రంజానుకు, వినాయక చవితికి, మన ఉగాదికి కూడా ఒక్కొక్కటి. కాథలిక్కులకు మాత్రం ఒక ఏడు ఆగస్టు 15న మరియమాత పండుగ, మరుసటి ఏడు నవంబరు 1న సకల పునీతుల పండుగ అని వంతులు వేశారు. పరలోకంలో కూడా షిఫ్టు డ్యూటీలు పెట్టగలిగిన ప్రభుత్వం మరొకటి ఉందో లేదో నాకు తెలియదు. ఒక్కో భాష మాట్లాడేవారి కోసం చట్టాలు చేసి సంఘాలు స్థాపించారు. సంస్కృతం మాట్లాడేవారికి కూడా ఒకటుంది.

ఇంతటి కట్టడిని రోజూ ఉదయాన్నే భగ్నం చేసేది దాల్‌పురి బండి. ఉడికించి పొడి చేసిన శనగపప్పు లోపల పెట్టి పలచగా ఒత్తి కాల్చే ఆ రొట్టెను చూస్తే, బెల్లం వేయడం మరచిపోయిన బొబ్బట్టు అనిపిస్తుంది. రెండు రొట్టెలను ఒకదానిపై ఒకటి పరిచి, చిక్కుడు గింజల కూర, టమాటా రుగాయ్, కారపు పచ్చడి రాసి, చుట్టి కాగితంలో పెట్టి ఇస్తారు. రాజ్యాంగంలోని నాలుగు వర్గాలూ ఆ వరుసలో వెనకా ముందూ నిలబడి, ఫ్రెంచి నుంచి పుట్టిన ఒకే క్రియోల్ భాషలో ‘ఎన్ పేర్’, అంటే ఒక జత, అని అడిగి, ఒకే రకంగా చొక్కా మీద పచ్చడి ఒలకబోసుకుంటాయి. జీవన విధానాన్ని బట్టి వర్గం తేల్చవలసిన అధికారి ఆ వేళకు అక్కడికి వెళ్ళకపోవడమే మేలు.

పదిళ్ళలో తొమ్మిదిళ్ళలో మాట్లాడే ఆ క్రియోల్‌కు రాజ్యాంగం రాసిననాడు చట్టసభలో చోటివ్వలేదు. అధికార భాష ఇంగ్లీషు, సభ్యులు కావాలంటే ఫ్రెంచిలోనూ మాట్లాడవచ్చన్నారు. ప్రాథమిక పాఠశాలల్లో దానిని ఐచ్ఛికంగా నేర్పడం 2012లో గానీ మొదలుకాలేదు. సబబే మరి. అందరిదీ అయినదానికి వాటా ఎవరి పేరున రాస్తారు?

ఇక మనవాళ్ళు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుతో అక్కడ కోరంగీలు అనిపించుకున్న తెలుగువారు చెరుకు తోటల్లో నడుములు వంచి, రామభజననూ సింహాద్రి అప్పన్ననూ ఇన్ని తరాలు దాచుకున్నారు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు కూడా అక్కడే జరిగాయి. అయినా రాజ్యాంగం వారిని హిందువుల్లో కలిపేసింది, నోటు మీద బొమ్మ లేదు, అక్షరం లేదు. భారతీయ నోటు మీద తెలుగు తమిళం కింద పద్నాలుగో వరుసలో ఉన్నా, ఇంగ్లీషు అక్షరక్రమం కదా అని సర్దుకుపోయిన జాతి మనది. మారిషస్‌లోనైనా ఆ మెతకతనం కూడదు.

కనుక నోటు మీద నాలుగో వరుస ఇవ్వాలని అక్కడి ప్రభుత్వానికి సవినయంగా విన్నవిస్తున్నాను. అంకెలు మాత్రం తెలుగువి వద్దు. వాటిని చదవగలిగినవారు కాకినాడలోనే ఎందరున్నారో తేల్చడం మనకు ఇబ్బంది. అక్కడ భజన పాటలను చాలామంది రోమను లిపిలో రాసుకొని పాడుకుంటారు గనుక, మన వరుసను కూడా అదే లిపిలో వేస్తే సరి. చోటు కోసం వెతకనక్కర్లేదు. నోటును వెలుతురుకెత్తి పట్టుకుంటే డోడో పక్షి తల కనిపించే తెల్లటి జాగా ఖాళీగానే ఉంది.