నరం తప్పింది మాస్టారూ!

విజయనగరంలో పుట్టి పెరిగినవారికి వైద్యశాస్త్రంలో వేరే చదువు అక్కరలేదన్న సత్యం నాకు 58 ఏళ్ళ వయసులో, సిరిమానోత్సవం నాడు బోధపడింది.

విజయదశమి వెళ్ళిన మంగళవారం మూడు లాంతర్ల దగ్గర జనం ఎలా ఉంటారో మనవాళ్ళకు చెప్పనక్కరలేదు. మానుకొసన కూర్చున్న పూజారిని చూద్దామని మెడ వెనక్కి వాల్చి దణ్ణం పెట్టబోయిన నేను, నిలబడ్డ అరుగుకు అంచనేది ఒకటి ఉంటుందని మరిచాను. కుడిపాదం లోపలికి మడతపడి, ఒంటి బరువంతా దాని వెలుపలి అంచు మీద పడింది. బయటి గిలక కింద పుటుక్కుమంది. ఆ చప్పుడు నాకొక్కడికే వినిపించిందనుకున్నాను గానీ, నేను నేలమీద చతికిలబడేలోగానే చుట్టూ ఉన్న పదిమందీ ఏకగ్రీవంగా రోగనిర్ణయం చేసేశారు. "నరం తప్పింది మాస్టారూ!"

మన శరీరశాస్త్రం పొదుపును ఎంత మెచ్చుకున్నా తక్కువే. మెదడుకు కబురు మోసేదీ నరమే, నెత్తురు పారేదీ నరమే, కండను ఎముకకు కట్టేదీ, ఎముకను ఎముకకు కట్టేదీ నరమే. ఒక్క పాదంలోనే 26 ఎముకలు పేర్చి, వాటిని బిగించడానికి ప్రకృతి రకరకాల తాళ్ళు పేనితే, అంత శ్రమనూ మనం రెండక్షరాల్లో తేల్చేశాం. తెల్లవారి మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టుంటే, అది మడమ నుంచి వేళ్ళదాకా అరికాలి కింద సాగే మందపాటి పట్టీ పెట్టే బాధ; మా వీధిలో అదీ నరమే.

ఇంటికి చేరేసరికి గిలక ఎముక వాపులో మునిగిపోయింది. చిటికెనవేలి వైపు చర్మం కింద వంకాయ రంగు కమ్ముకొస్తోంది. మా వదినగారు చింతపండులో ఉప్పు వేసి ఉడికించి వేడివేడిగా పట్టు వేశారు. ఎదురింటాయన తప్పిన నరాన్ని దారిలో పెట్టే నిమిత్తం నువ్వులనూనెతో అరగంట మర్దన చేశారు. ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషి చేత ఓసారి తొక్కించాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది గానీ, అది నడుం పట్టుకు మాత్రమే వర్తిస్తుందని పెద్దలు తోసిపుచ్చారు. శాస్త్రీయ దృక్పథం మనకు లేదనేవారు ఈ సంగతి గమనించాలి. తాజా బెణుకును వేడీ మర్దనా మరింత వాపిస్తాయన్న మాట అక్కడ ఎవరికీ తట్టలేదు. తెల్లవారేసరికి పట్టు ఎండి అట్టకట్టి, కాలి వెంట్రుకలను ఒక్కొక్కటిగా పట్టి లాగుతుంటే బెణుకు నొప్పి కాసేపు మరుపున పడింది. ఆ మేరకు చింతపండు గుణాన్ని నేను కాదనను.

కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో దీనికి కొన్ని నియమాలు రాసుకున్నారు. గిలక చుట్టూ నొప్పి ఉండి, ఏ గిలక వెనక అంచునైనా కింది 6 సెంటీమీటర్ల మేర నొక్కినప్పుడు ఎముక నొప్పి పుట్టినా, దెబ్బ తగిలిన వెంటనేనూ మళ్ళీ డాక్టరు ముందూ నాలుగడుగులు వేయలేకపోయినా, ఎక్స్‌రే తీయాలి. పాపం, వాళ్ళకు ఇన్ని ప్రశ్నలు కావలసివచ్చాయి. మనకు ఒక్కటి చాలు: "నడవగలుగుతున్నావా?" నడవగలిగితే నరం. నడవలేకపోతే గట్టిగా తప్పిన నరం.

ఇంతటి నరభక్తి గల మనం, నిజంగా నరాలే చెడిపోయిన చోట మాత్రం ఆ పేరెత్తం. ఏళ్ళ తరబడి చక్కెర వ్యాధి అదుపు తప్పితే పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ పోతుంది. ముల్లు దిగినా, బొబ్బ లేచినా తెలియదు, తెలిసేనాటికి పుండు ఎముక దాకా వెళ్ళి ఉండవచ్చు. దాన్ని మనం తిమ్మిరి అంటాం. మా బంధువొకాయన మండువేసవిలో అరసవల్లి వెళ్ళి, మిట్టమధ్యాహ్నం రాతిపలకల మీద చెప్పుల్లేకుండా నింపాదిగా నడిచి, అందరూ గెంతుతుంటే తనకొక్కడికే కాలలేదనీ అది స్వామి దయేననీ పొంగిపోయాడు. ఇంటికొచ్చాక మేజోడు విప్పితే అరికాలి తోలు దానితోపాటే వచ్చింది.

ఆరోనాటికి నేను దొంగచాటుగా డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నొక్కి చూసి, ఎక్స్‌రే తీయించి, ఎముక భద్రమేననీ, బయటి గిలకను పాదానికి కట్టే లిగమెంట్ కొంత చిరిగిందనీ చెప్పారు. క్రేప్ బ్యాండేజీ చుట్టి, కాలు దిండు మీద ఎత్తి ఉంచమన్నారు. నొప్పి తగ్గాక ఒంటికాలి మీద నిలబడే అభ్యాసం రోజూ చెయ్యకపోతే అదే గిలక మళ్ళీ మళ్ళీ మడతపడుతుందని హెచ్చరించారు.

నేను తిరిగొచ్చేసరికి అరుగు మీద సభ నిండుగా ఉంది.

"డాక్టరుగారేటన్నారు మాస్టారూ?" అన్నారు ఎదురింటాయన.

"లిగమెంట్ చిరిగిందట."

సభ కాస్త తగ్గింది. "అంటే ఏటండీ?"

"ఎముకనీ ఎముకనీ కలిపి కట్టే తాడులాంటిది."

ఎదురింటాయన ముఖం వెలిగిపోయింది. నూనెగిన్నె అందుకుంటూ అందరి వైపూ తిరిగారు.

"నాను ఆ రోజే సెప్పినాను కదేటి, నరమేనని!"