చియాంగ్ మైలో కిటికీ తెరవలేని నెలలు

ఫిబ్రవరి వచ్చిందంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. నేనుండేది ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మైలో, 1296లో మంగ్రాయ్ రాజు కట్టించిన ఊరిది. నలుచదరపు కందకం, పాత ఇటుక గోడలు, ఏ సందులో తిరిగినా ఓ గుడి. తక్కువ ఖర్చులో ప్రశాంతంగా బతకొచ్చని వచ్చాను. కానీ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ ఊపిరి పీల్చుకోవడమే కష్టం.

చుట్టూ కొండలు, మధ్యలో లోయ. అడవుల్లో మంటలు, మొక్కజొన్న కోశాక చేలల్లో తగలబెట్టే మోళ్లు, మయన్మార్ వైపు నుంచి వచ్చే పొగ, అంతా ఊరి మీదే కమ్ముకుంటుంది. రోజూ కనిపించే దోయ్ సుథేప్ కొండ రోజుల తరబడి మాయమైపోతుంది. నా గది కిటికీకి వరసగా అద్దపు పలకలు, వాటి మధ్య వేలు దూరేంత సందు. టేపు అంటించాను, పాత తువ్వాలు కుక్కాను. అయినా తెల్లారేసరికి గొంతు మంట. తడిగుడ్డతో చట్రం తుడిస్తే గుడ్డంతా నలుపే. కిటికీ మార్చమంటే ఓనరమ్మ "వానలు పడితే అదే పోతుంది" అంటుంది.

డబ్బున్నవాళ్లు దక్షిణాన సముద్రం పక్కకి వెళ్లిపోతారు. కింద ఖావ్ సోయ్ (కొబ్బరిపాల కూరలో వేసిచ్చే నూడుల్స్) అమ్మే పెద్దావిడ ఎక్కడికి పోతుంది? రోజంతా ఆ పొగలోనే నిలబడుతుంది. ఆవిడ దగ్గు నా గదిలోకి వినిపిస్తుంటే ఒళ్లు మండిపోతుంది. ఏటా వచ్చేదే కదా, ఏటా ఇలాగే ఎందుకు వదిలేస్తారు?

నిన్న అమ్మ ఫోన్ చేసి, "ఏంట్రా ఆ దగ్గు?" అంది. చల్లనీళ్లు తాగానని చెప్పాను.